మిగిలిన గంట ఎవరిది?



కంప్యూటరు మంచిదా, చెడ్డదా అని వాదించు కాలము గడచిపోయినది. కోవిల్‌పట్టిలో గాని విరుదునగరులో గాని, రేషను బియ్యము మొదలుకొని రైలు టిక్కెట్టు వరకు, పిల్లల పరీక్షా ఫలితములు మొదలుకొని ముసలివారి పింఛను వరకు దాని ప్రమేయము లేక జరుగునది చాలా తక్కువ. ఒకప్పుడు బ్యాంకులో అద్దాల గది లోపల చల్లగా కూర్చుండిన ఆ యంత్రము నేడు మన చొక్కా జేబులోనికి వచ్చినది. సెల్‌ఫోను మాట్లాడు పరికరము మాత్రమే కాదు, అది చిన్న కంప్యూటరే. వద్దని త్రోసివేయగలిగిన వస్తువు కాదు గనుక మనము అడుగవలసిన ప్రశ్న మరియొకటి. ప్రతి పనిలోను ఈ యంత్రము మనకు కొంత సమయమును మిగుల్చుచున్నది. అట్లు మిగిలిన గంట ఎవరి చేతికి పోవుచున్నది? మన చేతికా, మన పిల్లల చేతికా, లేక మనకు పని చెప్పువారి చేతికా? ఇది యంత్రమును గూర్చిన ప్రశ్న కాదు, న్యాయమును గూర్చిన ప్రశ్న అని మేము తలంచుచున్నాము.

ముందుగా మేలును ఒప్పుకొందము

మేలును మరచి కీడును మాత్రమే లెక్కించుట సత్యము కాదు. సొంత ఊరు విడిచి స్థిరపడినవారికి ఈ యంత్రము చేసిన మేలు, ఊరిలోనే ఉండిపోయినవారికంటె బాగుగా తెలియును. నెల్లూరులోనో ఒంగోలులోనో ఉన్న తోబుట్టువుకు జబ్బు చేసినయెడల ఒకప్పుడు తంతి రావలెను. ఆ తంతి సేవయే 2013 జూలైలో మూతపడినది. మనియార్డరు ఫారము నింపి, వరుసలో నిలిచి, సొమ్ము చేరినదన్న రసీదు కొరకు దినములు లెక్కించెడివారము. 2016లో యూపీఐ పద్ధతి వచ్చిన తరువాత అదే సొమ్ము క్షణములో చేరుచున్నది. 2002 నుండి రైలు టిక్కెట్టు ఇంటర్నెట్టులో కొనుటకు వీలైనది. అంతకు ముందు విజయవాడ వెళ్లవలెనన్న తెల్లవారకముందే స్టేషనుకు పోయి కిటికీ ముందు నిలువవలసివచ్చెడిది.

విరుదునగరు పప్పుదినుసులు, నూనెలు, మిరపకాయలు, ధనియాల వర్తకమునకు పేరుపొందిన పట్టణము. చిన్న రైతు తన పంట ధర తెలిసికొనుటకు దళారి నోటిమాట మీద ఆధారపడెడివాడు. ఇప్పుడు గుంటూరు యార్డులో మిరప ధర ఎంత పలుకుచున్నదో చేను గట్టుమీద నిలిచి చూడగలడు. తెలియనివాడు తెలిసినవాని చేతిలో మోసపోవుట తగ్గినది. ఇది చిన్న మేలు కాదు.

మన భాషకు కలిగిన మేలు మరి గొప్పది. ఈ నల్లరేగడి సీమకు తెలుగువారు వచ్చిన కాలములు వేరువేరు. విజయనగర రాజుల, మధుర నాయకుల కాలములలో వచ్చినవారు కొందరు. తరువాత ఉద్యోగము, వర్తకము, కూలిపని నిమిత్తము వచ్చినవారు కొందరు. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్ గ్రామములో పుట్టిన కి. రాజనారాయణన్ గారి ఇంటి భాష తెలుగు. తెలుగు కుటుంబములు దక్షిణమునకు తరలివచ్చిన కథను ఆయన 1976లో 'గోపల్ల గ్రామం' అను నవలగా తమిళములో వ్రాసినారు. దాని తరువాతి భాగమునకు 1991లో సాహిత్య అకాడమీ బహుమానము వచ్చినది. ఆయన 2021లో కన్నుమూసినారు. ఇంట తెలుగు, బయట తమిళము, వ్రాతలోను తమిళమే: ఆయన స్థితియే మనలో అనేకుల స్థితి. 2006లో తమిళనాడులో వచ్చిన చట్టము వలన పాఠశాలలలో తమిళము దశలవారీగా తప్పనిసరి పాఠ్యాంశమైనది. ఉన్న ఊరి భాష నేర్చుకొనుట న్యాయమే. అయితే తెలుగు అక్షరములు మన పిల్లలకు నేర్పువారు కరువైరి. ఆ లోటును కొంతవరకు ఈ యంత్రమే తీర్చినది. 1991లో వెలువడిన యూనికోడు మొదటి ప్రమాణములోనే తెలుగు లిపికి చోటు దొరికినది. ఆ పద్ధతి వ్యాప్తిలోనికి రాకముందు ఒక యంత్రములో కొట్టిన తెలుగు మరియొక యంత్రములో పిచ్చి గుర్తులుగా కనబడెడిది. ఇప్పుడు ఏ ఫోనులోనైనను తెలుగు చదువవచ్చును, వ్రాయవచ్చును. అక్షరములు రాని అవ్వ తెలుగు పాఠమును చెవితో వినవచ్చును. మూడు తరములుగా మూసియుండిన తలుపు తెరువబడినట్లయినది.

ఇంత మేలు చేసిన దానిని గూర్చి ఫిర్యాదు చేయుట కృతఘ్నత కాదా అని ఎవరైన అడుగవచ్చును. కాదు. మేలు చేసినదానిని పరీక్షింపరాదను నియమము ఎక్కడను లేదు.

అగ్గిపెట్టె నేర్పిన పాఠము

మన ప్రాంతమునకు యంత్రయుగము అగ్గిపుల్ల రూపమున వచ్చినది. వానలు తక్కువ, పంటలు అనుమానము. 1920లలో శివకాశి నుండి అయ్య నాడార్, షణ్ముగ నాడార్ అను ఇద్దరు కలకత్తా వెళ్లి అగ్గిపెట్టెల తయారీ నేర్చుకొని వచ్చినారు. ఆ పని శివకాశి, సాత్తూరు, కోవిల్‌పట్టి చుట్టుప్రక్కల పల్లెలకు ప్రాకినది. కరువు సీమలో వేలాది కుటుంబములకు అన్నము పెట్టినది.

ఆ పనిలో ఒక భాగము ఇంటికే వచ్చెడిది. పెట్టె లోపలి డబ్బా, పై తొడుగు మడచి అంటించు పనిని స్త్రీలు ఇంటికి తెచ్చుకొనెడివారు. కూలి గంటల లెక్కన కాదు, గ్రోసుల లెక్కన. గ్రోసు అనగా 144. చంటిబిడ్డ గల తల్లి గడప దాటకుండ నాలుగు డబ్బులు సంపాదించుటకు అది దారి చూపినది. ఇది దాని మేలు. మరి కీడు ఎక్కడ నుండి వచ్చినది? కర్మాగారమునకు గేటు ఉన్నది, సైరను ఉన్నది. సైరను మ్రోగగానే పని ముగియును. ఇంటిలో చేయు పనికి గేటు లేదు, సైరను లేదు. ఇంకొక గ్రోసు చేసిన ఇంకొక గ్రోసు కూలి. భోజనమునకు ముందు కొంత, భోజనము తరువాత కొంత, దీపము వెలుగున్నంత సేపు కొంత. తల్లి ప్రక్కన కూర్చున్న పిల్ల చేతులు ఊరక ఉండనేల అని ఆ చేతులును పనిలో చేరినవి. ఎవరును కొట్టలేదు, ఎవరును బలవంతము చేయలేదు. అయినను కొన్ని సంవత్సరములలో ఇల్లు ఇల్లుగా మిగులలేదు.

ఆ స్థితి ఎట్లు మారినది? తల్లులకు నిగ్రహము బోధించుట వలన మారలేదు. 1986లో వచ్చిన బాలకార్మిక చట్టము అగ్గిపెట్టెల తయారీలో 14 సంవత్సరములలోపు పిల్లలను పెట్టుకొనరాదన్నది గాని, కుటుంబము తోడ్పాటుతో నడుచు పనిని మినహాయించినది. అనగా చట్టము కర్మాగారము వరకు నడచివచ్చి ఇంటి గుమ్మము వద్ద ఆగిపోయినది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు శివకాశి పిల్లల విషయమై తీర్పు చెప్పుచు, పిల్లలను పనిలో పెట్టుకొనిన యజమాని ఒక్కొక్క పిల్లకు 20,000 రూపాయలు చెల్లించవలెనని ఆజ్ఞాపించినది. దానికి ఎంతో ముందే, విరుదునగరులో పుట్టి చిన్నతనముననే బడి మానవలసివచ్చిన కామరాజు గారు ముఖ్యమంత్రియై, 1956లో కోవిల్‌పట్టికి సమీపమున ఉన్న ఎట్టయపురములో బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమును ఆరంభించినారు. బడి, భోజనము, చట్టము, కోర్టు తీర్పు, ఊరివారి అభిప్రాయము అన్నియు కలిసి ఆ పనికి ఎల్ల గీసినవి. ఒంటరి తల్లి గీయలేని గీతను సమాజము గీసినది.

ఇప్పుడు ఫోనును చూడుడి. అదియు ఇంటికి వచ్చిన పనియే. దానికిని గేటు లేదు, సైరను లేదు. 2020లో కరోనా వచ్చి కార్యాలయములు మూతపడినప్పుడు చెన్నై, బెంగుళూరు కంపెనీలలో పనిచేయు మన యువకులు ఇంటికి వచ్చి పడకగది మూలను కార్యాలయము చేసికొనిరి. తల్లిదండ్రులకు కన్నబిడ్డలు దగ్గర ఉన్నారన్న సంతోషము. అయితే అమెరికా పగలు మనకు రాత్రి గనుక ఆ బిడ్డ ఒకే కప్పు క్రింద ఉండియు భోజనమునకు కలియకపోయెను. ప్రయాణములో మిగిలిన రెండు గంటలు ఆ బిడ్డకు దక్కినవా, కంపెనీకి దక్కినవా? ఇదియే మా ప్రశ్న.

లెక్కకు వచ్చునవి, రానివి

ఉపాధ్యాయ శిక్షణ పొందినవారము గనుక పాఠశాల సంగతి కొంత చెప్పుట మా విధి. తమిళనాడు పాఠశాల విద్యాశాఖ ఎమిస్ అను కంప్యూటరు పద్ధతిలో ప్రతి విద్యార్థికి ఒక సంఖ్య ఇచ్చి వివరములు నమోదు చేయుచున్నది. దీని మేలు వలసవారికి వెంటనే తెలియును. సాత్తూరు నుండి తిరుప్పూరునకు పనికి తరలిపోయిన కుటుంబములోని పిల్ల ఏ బడిలో చేరినది, అసలు చేరినదా లేదా అని కనుగొనుటకు వీలున్నది. పాత హాజరు పట్టీలో ఆ పిల్ల పేరు కొట్టివేయబడి కథ ముగిసెడిది.

అయితే ఉపాధ్యాయ సంఘములు పలుమార్లు ఒకే మొర పెట్టుకొన్నవి: ఈ నమోదుల భారము నుండి మమ్మును విడిపించి పాఠము చెప్పనీయుడి అని. ఇది సోమరితనము మాట కాదు. శిక్షణ కళాశాలలో మాకు మొదట నేర్పినది పిల్ల ముఖము చూచుట. అర్థమైనప్పుడు ముఖము ఒక రీతిగా ఉండును, కానప్పుడు మరియొక రీతిగా ఉండును. ఆ చూపు ఏ పట్టికలోను ఎక్కదు. పట్టికలో ఎక్కునది ఎక్కకపోయినయెడల పైనుండి ప్రశ్న వచ్చును. ముఖము చూడకపోయినయెడల ఎవరును అడుగరు. అప్పుడు మనుష్యుడు దేనిని ముందు చేయును? అడుగబడు దానినే గదా.

విరుదునగరు జిల్లా విషయములో ఇది మరింత స్పష్టము. 2018 జనవరిలో కేంద్ర ప్రభుత్వము వెనుకబడిన జిల్లాల అభివృద్ధికై ఒక పథకము ఆరంభించినది. దేశములో 112 జిల్లాలు దానిలో చేరినవి. తమిళనాడు నుండి రామనాథపురము, విరుదునగరు ఎన్నికైనవి. ఆరోగ్యము, విద్య, వ్యవసాయము మొదలగు రంగములలో 49 సూచికలను పెట్టి, నెలనెలా ఏ జిల్లా ఎంత మెరుగైనదో కంప్యూటరులో వరుస క్రమము ప్రకటించుచు వచ్చిరి. గర్భిణులకు వైద్య పరీక్షలు జరిగినవా, పిల్లలు బరువు పెరిగినారా అని నెలనెలా అడుగువారు కలుగుట మేలే. మరువబడిన పల్లె అధికారి కంటికి కనబడినది. కాని క్రింది మెట్టున ఆ సంఖ్యను పంపవలసిన అంగన్‌వాడీ అమ్మ చేతిలో ఎన్ని గంటలున్నవో ఏ సూచికయు చెప్పదు.

యంత్రము తప్పినప్పుడు భారము ఎవరి మీద పడునో అదియు గమనింపవలెను. గ్రామీణ ఉపాధి పనులలో దొంగ హాజరు అరికట్టుటకై, 2023 జనవరి నుండి కూలివారి ఫోటోను రోజుకు రెండుసార్లు ఫోను ద్వారా పంపుట తప్పనిసరి చేసిరి. ఉద్దేశము మంచిదే. అయితే సిగ్నలు అందని చోట చేసిన పనికి హాజరు పడక కూలివారు ఇబ్బందిపడినట్లు అనేక రాష్ట్రముల నుండి వార్తలు వచ్చినవి. మట్టి పనితో వేలిరేఖలు అరిగిన ముసలివారు రేషను దుకాణములో వేలు పెట్టి, మరల తుడిచి, మరల పెట్టి నిలుచుండుట మనము చూచుచునే యున్నాము. యంత్రము సరిగా పనిచేసినప్పుడు లాభము అందరికి. తప్పినప్పుడు నష్టము బలహీనునికి. దీనిని న్యాయమని ఎట్లు అనగలము?

ఆపివేయవచ్చును గదా?

'ఇంత చింత ఎందుకు? ఫోను నీ చేతిలోనే ఉన్నది, బొత్తాము నొక్కి ఆపివేయుము' అని చెప్పువారు కలరు. ఈ మాటలో కొంత నిజమున్నది. వినోదము కొరకు అర్ధరాత్రి వరకు బొమ్మలు చూచువానికి ఈ సలహా చాలును. వానిని ఎవరును పిలువలేదు, తానే పోయినాడు.

కాని పిలువబడినవాని సంగతి వేరు. మిల్లులో సూపర్‌వైజరు రాత్రి 10 గంటలకు షిఫ్టు మార్పు సందేశము పంపును. చూడనివాడు తెల్లవారి గేటు వద్ద ఆగిపోవును. బడి నుండి ఇంటిపని ఫోనుకే వచ్చును. ఇంటిలో ఒక్కటే ఫోను, అది తండ్రితో పనికి పోయినది. వీరు ఎట్లు ఆపివేయగలరు? ఆపు బొత్తాము అందరి ఫోనులోను ఉన్నది గాని, ఆపు స్వేచ్ఛ అందరికిని లేదు. గ్రోసుల పని చేసిన తల్లికి 'రాత్రి చేయకుము' అని చెప్పుట ఎంత తేలికో, అంత వ్యర్థము.

కాబట్టి నిగ్రహము ఎవరి బాధ్యత? మొదట పిలుచువాని బాధ్యత, తరువాత పిలువబడువాని బాధ్యత అని మా అభిప్రాయము. విశ్రాంతి దినపు ఆజ్ఞను ఈ దృష్టితో ఆలోచింపుడి. అది అలసినవానికి చెప్పిన సలహా కాదు. ఇంటి యజమానికి ఇచ్చిన ఆజ్ఞ. నీవును, నీ పిల్లలును, నీ దాసదాసీలును, నీ పశువులును, నీ యింటనున్న పరదేశియు పని మానవలెనన్నది దాని భావము. పని చెప్పగల శక్తి గలవానిని ముందు నిలిపి, అడుగుటకు నోరులేని పశువును, పరదేశిని ఆ వెనుక చేర్చినది. వలస వచ్చినవారమైన మనము ఆ పరదేశి మాటను మరువరాదు.

లోకములోని చట్టములును ఇప్పుడిప్పుడే ఈ దిక్కునకు తిరుగుచున్నవి. ఫ్రాన్సు దేశములో 2017 జనవరి నుండి, పెద్ద సంస్థలు పనివేళ దాటిన తరువాత సందేశముల విషయమై పనివారితో చర్చించి ఏర్పాటు చేసికొనవలెను. మన తెలుగువారు అనేకులు స్థిరపడిన ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు 26 నుండి, పనివేళ కాని సమయములో యజమాని పిలుపునకు న్యాయమైన కారణమున బదులియ్యకుండు హక్కు పనివారికి కలిగినది. మన లోక్‌సభలో 2018లో సుప్రియా సూలే గారు ఇటువంటి బిల్లును ప్రవేశపెట్టినారు గాని అది చట్టము కాలేదు.

గడియారము మాత్రమే చాలదు

అయితే 'రాత్రి 9 గంటల తరువాత ఎవరును ఎవరిని పిలువరాదు' అని ఒక నియమము వ్రాసికొనిన సరిపోవునా? ఒక ఇల్లు తీసికొందము. కుమార్తె కువైటులో నర్సు. ఆమె డ్యూటీ దిగి గదికి చేరుసరికి అక్కడ రాత్రి 9, ఇక్కడ 11.30. ఆ వేళ మ్రోగు ఫోను కొరకు తల్లి నిద్ర ఆపుకొని కూర్చుండును. ఆ పిలుపును పీడ అనువాడు ఎవడు? అదే 11.30 గంటలకు కార్యాలయము నుండి వచ్చు పిలుపు పీడయే. గడియారము ఒక్కటే, పిలుపులు వేరు.

కాబట్టి కొలత గంట కాదు. ఈ పిలుపు ఎవరి అవసరము కొరకు? పిలువబడినవాడు కాదనగలడా? కాదనినయెడల వానికి నష్టము కలుగునా? ఈ మూడు ప్రశ్నలు వేసికొనినయెడల మేలు, ఒత్తిడి వేరుపడును. ప్రేమతో పిలుచువాడు 'వీలైనప్పుడే మాట్లాడు' అని చెప్పగలడు. ఆ మాట చెప్పలేని పిలుపు పనియే. పని అయినప్పుడు దానికి ఎల్ల ఉండవలెను.

మన సంఘములలో

ప్రభుత్వములు చట్టము చేయువరకు మనము వేచియుండనక్కరలేదు. మనలోను పిలుచువారున్నారు: దుకాణము యజమానులు, పాఠశాల పెద్దలు, కాంట్రాక్టరులు, సంఘ పెద్దలు, ఇంటి పెద్దలు. కొన్ని మనవులు చేయుచున్నాము.

మన క్రింద పనిచేయువారికి సాయంకాలము తరువాత పంపు సందేశములో ఇది రేపటి సంగతియో ఈ రాత్రి సంగతియో మొదటి మాటలోనే చెప్పవలెను. రేపటిదైనయెడల రేపే పంపవచ్చును.

సంఘ ప్రకటనలు ఫోనులో మాత్రమే పంపి ఊరకుండరాదు. మంచి ఫోను లేని ఇంటివారు తమ సంఘములో తామే పరదేశులగుదురు. ఆదివారమున నోటితో చెప్పి, గోడమీద కాగితము అంటించు అలవాటు నిలుపుకొనవలెను.

చదువుకొనిన యువకులు నెలకు ఒక పూట మందిర ఆవరణలో కూర్చుండి, ముసలివారికి పింఛను, రేషను, రైలు టిక్కెట్టు పనులు చేసిపెట్టవలెను. ఓటీపీ సంఖ్యను ఎవరికిని చెప్పరాదని ఆ సమయముననే నేర్పవచ్చును. అటువంటి పూటలో ఒక యువకుని రెండు గంటలు పది ఇండ్లకు పది దినములు మిగుల్చును. యంత్రము మిగిల్చిన సమయమును పంచుకొనుట అనగా ఇదియే.

తల్లిదండ్రులు పిల్లల చేతినుండి ఫోను లాగుటకు ముందు, ఆ గంటలో పిల్లకు ఏమి ఇయ్యబోవుచున్నారో ఆలోచింపవలెను. కామరాజు గారు పిల్లలను పని మానుడని ఊరక చెప్పలేదు. బడిలో అన్నము పెట్టినారు. వద్దనుటకు ముందు వడ్డించుట పెద్దల మర్యాద. ఆ గంటలో తెలుగు అక్షరములు దిద్దించుడి, అవ్వ చేత ఊరి కథ చెప్పించుడి, లేదా ఊరక వీధిలో ఆడుకొననీయుడి.

అగ్గిపుల్ల పొయ్యిని వెలిగించును, వామిని కాల్చును. అందుకే మన పెద్దలు అగ్గిపెట్టెను పారవేయలేదు, పిల్లలకు అందని గూటిలో పెట్టినారు. ఆ గూడు ఎంత ఎత్తున ఉండవలెనో ఇంటిలో పొడవైనవాడు నిర్ణయించెను. నేడు మన ఇండ్లలోను, దుకాణములలోను, బడులలోను, సంఘములలోను పొడవైనవారు ఎవరో వారు ఈ వారమే ఒక పని చేయుదురుగాక: తమ మాట కొరకు కాచుకొనియుండు ఒక్కరికి, ఒక్క సాయంకాలము, 'ఇక నిన్ను పిలువను, ఇంటికి పొమ్ము' అని చెప్పి, ఆ మాట నిలుపుకొనవలెను.